ఏడో ప్రశ్నకి సున్నా

మా అమ్మాయి బడికి బయల్దేరే ముందు గుమ్మంలో కూర్చుని, బూట్ల లేసులు కట్టుకుంటూ రోజూ ఒకటే మాట అడిగేది. "అమ్మా, ఇవాళ ఎంత?"

నేను ఫోన్ చూసి చెప్పేదాన్ని. పద్నాలుగు వందల మూడు. పద్నాలుగు వందల తొమ్మిది. ఆ బుధవారం పొద్దున పద్నాలుగు వందల పన్నెండు.

ఇది సైటేషన్ల లెక్క. మనం రాసిన పరిశోధన వ్యాసాన్ని ఇంకెవరైనా తమ వ్యాసంలో ప్రస్తావిస్తే దాన్ని ఒక సైటేషన్ అంటారు. నేను క్లినికల్ సైకాలజీలో పరిశోధకురాలిని. మా వృత్తిలో మనిషి ఎత్తు కొలిచేది ఈ లెక్కతోనే. నా వ్యాసాలు ముప్పై ఎనిమిది అచ్చయ్యాయి. ఆ పద్నాలుగు వందల పన్నెండూ మాత్రం ఒక్క వ్యాసానివే. మిగతా ముప్పై ఏడింటినీ కలిపినా నూట యాభై దాటవు, అందులో ఓ నలభై నన్ను నేనే ప్రస్తావించుకున్నవి. నవ్వుకోండి, పర్లేదు.

మా అత్తయ్యకి సైటేషన్ అంటే ఏమిటో చెప్పడానికి ఓసారి నానా తంటాలు పడ్డాను. అంతా విని, "అంటే ఇంతమంది నిన్ను తలుచుకున్నారన్నమాట. మరి రోజుకి ఎన్నిసార్లు పొలమారుతోందే నీకు?" అంది. ఆ రోజునుంచి నేను మంచినీళ్లు తాగుతూ దగ్గినప్పుడల్లా "అదిగో, ఎవడో రాశాడు" అని మా అమ్మాయీ ఆవిడా ఒకటే నవ్వు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం మహా సంబరంగా ఉండేది.

ఆ వ్యాసం ఒక ప్రశ్నాపత్రం గురించి. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం ఎంత లోతున ఉందో తేల్చడానికి పద్నాలుగు ప్రశ్నలు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు", "ఏ పని మీదా మనసు నిలవడం లేదు" లాంటివి. ఒక్కోదానికి నాలుగు జవాబులు: అస్సలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ. వాటికి వరసగా సున్నా, ఒకటి, రెండు, మూడు మార్కులు. మొత్తం ఇరవైకి చేరితే ఆ మనిషిని కౌన్సెలింగుకి పిలుస్తారు. చేరకపోతే "ప్రస్తుతం అవసరం లేదు" అని ముద్ర వేసి పంపేస్తారు. నాలుగు నిమిషాల్లో తెమిలిపోతుంది కాబట్టి ఆసుపత్రులవాళ్లు ఎగబడి వాడుకున్నారు. మా భవనంలోనే కింది అంతస్తులో ఉన్న క్లినిక్కు కూడా అదే వాడుతుంది.

అయితే దానికి పేరు తెచ్చింది ప్రశ్నలు కాదు, అందులో తేలిన వింత. బాధ చెప్పుకోవడానికి మనుషులున్నవాళ్ల కంటే, ఎవరూ లేనివాళ్లకే మార్కులు తక్కువ వచ్చాయి. అంటే ఒంటరివాళ్లే త్వరగా తేరుకుంటున్నారని రాశాను. ఎవరూ ఊహించని మాట కదా, అందరూ ఎత్తుకున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్లని మాటిమాటికీ పలకరించి కెలక్కండి అని నేను ఎన్ని వేదికలెక్కి చెప్పానో లెక్కలేదు. మైకు దొరికితే చాలు, ఎక్కడలేని ధైర్యం వచ్చేది నాకు.

ఆ బుధవారం తర్వాతి సోమవారం నా ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. అందుకు కావలసిన ఫైలు కట్టింది మా ఆఫీసు గుమస్తా. ఆయన్ని అందరం పేజీల మాస్టారు అంటాం. చేతికి ఏ కాగితం వచ్చినా ముందు మూలన పేజీ నంబరు వేసి గానీ చదవరు. క్యాంటీన్ మెనూ కార్డుకి కూడా నంబరు వేశారని చెప్పుకుంటారు గానీ అది మా వాళ్ల కల్పన. తొమ్మిదేళ్లుగా నా సైటేషన్ల జాబితా నెలనెలా తయారుచేసేది ఆయనే. ఆయన బల్ల నా గది తలుపు బయటే, పన్నెండు అడుగుల దూరంలో.

ఏడు నెలల కిందట ఆయన భార్య పోయింది. పిల్లలు లేరు. ఆయన వారం రోజులు సెలవు పెట్టి తిరిగొచ్చినప్పుడు మెట్ల మీద ఎదురుపడ్డారు. "ధైర్యంగా ఉండండి మాస్టారూ" అన్నాను. ఆ నోటితోనే "ఈ నెల జాబితా ఎప్పుడిస్తారు?" అని కూడా అడిగాను. ఆ తర్వాత ఆయన్ని ఏమీ అడగలేదు. మధ్యాహ్నం పూట ఆయన తన బల్ల దగ్గరే గోడవైపు తిరిగి భోంచెయ్యడం తలుపు సందులోంచి కనపడేది. నా సిద్ధాంతం ఉండనే ఉంది కదా, కెలక్కూడదని. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఆయన ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నూట అరవై నాలుగు పేజీలు, నీలం అట్ట, విభాగానికో రంగు చీటీ. "ఒకసారి చూసుకుని సంతకం పెట్టండి మేడం" అని వెళ్లిపోయారు. నేను కాఫీ తాగుతూ పేజీలు తిప్పాను. అచ్చయిన వ్యాసాలు, వాటి సైటేషన్లు, ఏటేటా పెరిగిన తీరు చూపించే గీత. ఆ గీత కొండెక్కుతున్నట్టు ఉంది. నాకు నేనే ముద్దొచ్చాను.

"పరిశోధన ఆచరణలో ఉపయోగపడుతోందనడానికి రుజువు" అని ఒక విభాగం ఉంది. దాని కింద క్లినిక్కులో పూర్తిచేసిన ప్రశ్నాపత్రం ఒకటి, నమూనాగా. నూట పన్నెండో పేజీ. పైన పేరు దగ్గర చూస్తే పేజీల మాస్టారి పేరే, తేదీ ఆయన భార్య పోయిన నెలలోది. ఆయన అక్షరాలు నాకు తెలుసు, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటాయి.

నిద్ర, మూడు. మనసు నిలవకపోవడం, రెండు. అలా వస్తూ వస్తూ ఏడో ప్రశ్న దగ్గర ఆగాను. "నా బాధ చెప్పుకోవడానికి నాకు మనిషి ఉన్నారు." ఆయన "అస్సలు లేరు" దగ్గర టిక్కు పెట్టారు. పక్కన క్లినిక్కువాళ్లు వేసిన మార్కు సున్నా. పదకొండో ప్రశ్న, "ఎవరో ఒకరితో కలిసి భోంచేస్తున్నాను." అస్సలు లేదు. సున్నా. మొత్తం పద్దెనిమిది. కింద ముద్ర: ప్రస్తుతం అవసరం లేదు.

మిగతా పన్నెండు ప్రశ్నల్లో జవాబు పెరిగేకొద్దీ బాధ పెరుగుతుంది. ఈ రెండింట్లో మాత్రం జవాబు పెరిగేకొద్దీ బాధ తగ్గాలి. అందుకని వీటి మార్కులు తిరగెయ్యాలి. "అస్సలు లేరు" అంటే మూడు వెయ్యాలి, సున్నా కాదు. నా వ్యాసం చివర అచ్చయిన మార్కుల పట్టికలో తిరగెయ్యలేదు. వేసి ఉంటే మాస్టారికి ఇరవై నాలుగు.

ఇది నాకు ఆ బుధవారమే తెలిసిందంటే బాగుండును. నాలుగేళ్ల కిందటే తెలుసు.

ఎక్కడో చదువుకుంటున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. "అమ్మా, మీ పట్టికలో ఏడు, పదకొండు ప్రశ్నలు తిరగేసి లెక్కించాలేమో, నేనే పొరబడ్డానేమో తెలియజేయగలరు" అని ఎంతో వినయంగా. పాత కాగితాలు తీసి చూశాను. మొదట్లో పద్నాలుగూ ఏడుపు ప్రశ్నలే. అన్నీ ఒకే రకంగా ఉంటే జనం చదవకుండా టిక్కులు కొట్టుకుంటూ పోతారని మా డైరెక్టరు గారంటే, ఆఖరి వారంలో రెండు తీసేసి ఈ రెండూ పెట్టాను. పట్టిక మాత్రం పాతదే పంపాను. ఆ ఒక్క పొరపాటుతోనే నా వింత పుట్టింది. ఒంటరివాళ్లు తేరుకోలేదు. నేనే వాళ్ల మార్కులు కోసేశాను.

అప్పటికి లెక్క ఆరొందల చిల్లర. ఆ అమ్మాయికి "మీ పరిశీలన ఆసక్తికరంగా ఉంది, సంతోషం" అని రెండు ముక్కలు రాసి వదిలేశాను. దిద్దుబాటు రేపు పంపుదాం, వచ్చే నెల పంపుదాం అనుకున్నాను. ఏడొందలైంది, తొమ్మిదొందలైంది. పెద్దదయ్యేకొద్దీ చెప్పడానికి ముఖం చెల్లలేదు. నన్ను ప్రస్తావించిన పెద్దలందరి పేర్లూ నాకు కంఠతా వచ్చు. ఆ అమ్మాయి పేరు ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

నూట పన్నెండో పేజీ చూశాక నేను మొట్టమొదట ఏం చేశానో చెప్పాలి. ఏడవలేదు, ఎవరినీ పిలవలేదు. గోరుతో పిన్ను లేపి ఆ కాగితం ఫైల్లోంచి లాగేసి, నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇంటర్వ్యూ కమిటీలో కొంచెం తెలివైనవాడెవడైనా ఉంటే ఆ రెండు సున్నాలూ పట్టేస్తాడని.

గురువారం డైరెక్టరు గారి గదికి వెళ్లాను. ఆ వ్యాసం మీద ఆయన పేరు కూడా ఉంది. తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"సరే. తప్పు దిద్దుకోవద్దని ఎవరన్నారు? దిద్దుకుందాం. సోమవారం అయిపోనీ."

"నాలుగేళ్లు ఆగానండీ."

"నాలుగేళ్లు ఆగినదానివి నాలుగు రోజులు ఆగలేవా? ఇప్పుడు పుట్టి మునిగిపోయిందేముంది? నీ పదవి, ఈ విభాగం పేరు, వచ్చే ఏడాది ప్రాజెక్టు, అన్నీ దాని మీదే ఉన్నాయి. కాస్త ఆలోచించు తల్లీ."

నేను తలూపాను. నిజంగానే ఊపాను. ఆయన గదిలోంచి బయటికొచ్చేసరికి నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఇంకొకరు ఆగమన్నారు కదా, ఇక పాపం సగం వాళ్లది.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర మా అమ్మాయి, "అమ్మా, పొద్దున అడగడం మర్చిపోయా, ఎంత?" అంది. "నోరు మూసుకుని తిను" అని అరిచాను. అది బిత్తరపోయి కంచంలోకి చూసింది. అత్తయ్య దాని కంచంలో ఇంకొంచెం పెరుగు వేసింది.

కాసేపటికి నేనే అడిగాను. "అత్తయ్యా, మామయ్యగారు పోయిన కొత్తలో మీకెలా ఉండేది?"

"ఎలా ఉంటుంది? రోజూ నీ మొగుడితో తగువే. అన్నం ఉడకలేదని తగువు, ఉడికిందని తగువు. పోట్లాడుకోడానికి ఒకడున్నాడు కాబట్టి బతికి బట్టకట్టాను. లేకపోతే ఏమైపోయేదాన్నో." అని నా వంక చూసింది. "నీ కాగితంలో ఉందా ఆ ప్రశ్న?"

"ఉంది."

"ఉంటే మంచిదే" అని లేచి కంచం తీసింది.

శుక్రవారం పదకొండు గంటలకి పేజీల మాస్టారు ఫైలు చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చారు. ముఖంలో ఎక్కడా కోపం లేదు, కంగారే.

"మేడం, నూట పన్నెండు కనబడట్లేదు. నూట పదకొండు తర్వాత నూట పదమూడు వస్తోంది."

"అది అక్కర్లేదులెండి మాస్టారూ."

"అక్కర్లేకపోతే పర్లేదు మేడం, అక్కడ్నుంచి చివరిదాకా నంబర్లు మార్చేస్తాను. పది నిమిషాల పని." వెళ్లబోయి ఆగారు. "నాది పెట్టడం తప్పయిందా మేడం? రుజువు కావాలని ఉంది. వేరేవాళ్ల కాగితం పెడితే వాళ్ల గుట్టు బయటపెట్టినట్టు అవుతుంది. నాదైతే నాకు అభ్యంతరం లేదు కదా అని పెట్టాను. మీకు ఉపయోగపడుతుందని."

నాకు ఉపయోగపడుతుందని. ఆ మాట విన్నాక కూడా నీళ్లు నమిలితే నేను మనిషినే కాదు.

"కూర్చోండి మాస్టారూ" అన్నాను. తొమ్మిదేళ్లలో ఆయన నా గదిలో కూర్చోవడం అదే మొదలు. ఎదురుగా ఉన్న కుర్చీ నిండా పుస్తకాలుంటే నేనే తీసి కింద పెట్టాను. సొరుగు తాళం తీసి, ఆయన కాగితం బయటికి తీసి, ఏడో ప్రశ్న చూపించి చెప్పాను. ఎలా తిరగెయ్యాలో, నేనెలా తిరగెయ్యలేదో. ఆయన అడ్డు రాకుండా విన్నారు. ఆ తర్వాత జేబులోంచి పెన్సిల్ తీసి, అంచున చిన్న అంకెలతో కూడారు. మళ్లీ కింద నుంచి పైకి కూడారు.

"ఇరవై నాలుగు" అన్నారు.

"అవును."

"అంటే నన్ను పిలవాల్సింది."

"పిలవాల్సింది మాస్టారూ."

ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకుని ఆ ముద్ర వంక చూశారు. అరుస్తారేమో, అరిస్తే బాగుండునని కాచుకుని ఉన్నాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"నేనింకోలా అనుకున్నాను మేడం. పరీక్షలో బాగున్నావని రాసిచ్చారు. ఇంటికెళ్లి తాళం తీసేసరికి ఏడుపొచ్చేది. రోజూ వచ్చేది. బాగున్నవాడికి ఏడుపెందుకొస్తుంది? నాలోనే ఏదో వంకర ఉంది, నటిస్తున్నాను కాబోలు అనుకున్నాను. సిగ్గేసేది. అందుకే ఎవరితోనూ అనలేదు." కాగితం మడతపెట్టకుండా బల్ల మీద సరిగ్గా పెట్టారు. "అయితే నాకు నిజంగానే బాగాలేదన్నమాట."

ఆయన ముఖంలో కాస్త ఊరట కనిపించింది. అది చూడడం తిట్టు తినడంకంటే కష్టంగా ఉంది. నా సిగ్గు దాచుకోవడానికి నేను దాచిన తప్పు, ఏడు నెలలుగా ఆయన్ని సిగ్గుపడేలా చేసింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది మేడం?" అన్నారు.

మొన్న బుధవారం అని చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అంత చదువుకున్నదాన్ని, ఆ క్షణంలో కూడా నా లెక్క నేను చూసుకుంటున్నాను.

"నాలుగేళ్ల కిందట."

ఆయన తలూపారు. కిటికీ బయట గోడమీది పైపుల వంక చూస్తూ, "అప్పటికి మా ఆవిడ బాగానే ఉండేది" అన్నారు.

డైరెక్టరు గారి మాటా, నా తలూపుడూ అన్నీ గాలికి పోయాయి. నా కంప్యూటరు ముందు కూర్చుంటే మళ్లీ ఆగిపోతానేమోనని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీ ఇచ్చి పక్కన నిలబడ్డారు. వ్యాసం అచ్చువేసిన పత్రికకి ఉత్తరం రాశాను: పట్టిక తప్పు, అందులో తేలిందని చెప్పిన విషయం తప్పు, నాలుగేళ్లుగా తెలిసీ చెప్పలేదు, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. "తెలిసీ" అనే మాట మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపాను. నాలుగోసారి ఉంచాను. అదే ఉత్తరం కమిటీకి, కింది క్లినిక్కుకి, డైరెక్టరు గారికి. ఆయన పేరు ఉన్న వ్యాసం కదా, నా తప్పు నాదేనని ఆయనకి విడిగా ఒక వాక్యం. పంపేశాను.

రెండు నిమిషాల్లో నా గదిలో ఫోన్ మోగడం మొదలైంది. ఎవరో నాకు తెలుసు. మాస్టారు ప్రింటరు దగ్గరికి వెళ్లి ఆ ఉత్తరం కాపీ తీసి, మూలన నూట పన్నెండు వేసి ఫైల్లో గుచ్చారు.

"ఫైలు ఇంకెందుకు మాస్టారూ, సోమవారం నన్ను రానివ్వరు కూడా" అన్నాను.

"రానివ్వకపోతే రానివ్వకపోనీండి మేడం. ఫైలు ఫైలే."

ఆపైన ఆయన్ని కింది అంతస్తుకి తీసుకెళ్లాను. క్లినిక్కులో కౌన్సెలరు అప్పుడే నా ఉత్తరం చదివిందేమో, నా వంక సూటిగా చూడలేకపోయింది. వెనక బీరువా నిండా ముద్ర వేసి పంపేసినవాళ్ల కాగితాలే. ఆ బీరువా ముందు నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మాస్టారికి వెంటనే కౌన్సెలింగు మొదలుపెట్టమన్నాను. ఏడు నెలలైంది కాబట్టి కొత్తగా ఒక పత్రం నింపాలంది ఆవిడ. మాస్టారు కళ్లజోడు పైన బల్ల మీదే మర్చిపోయారు. "మీరు చదవండి మేడం, నేను చెప్తాను" అన్నారు.

ఇద్దరం ఆ చిన్న గదిలో, గోడకి ఆనించిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నేనే రాసిన ప్రశ్నల్ని ఒక్కొక్కటే పైకి చదివాను. ఒక మనిషి ముఖం చూస్తూ వాటిని చదవడం అదే మొదటిసారి. నిద్ర, తరచుగా పట్టట్లేదు. మనసు నిలవట్లేదు, ఎప్పుడూ. ఆయన ఆలోచించుకుని, తూచినట్టు చెబుతున్నారు.

ఏడోది వచ్చింది. "నా బాధ చెప్పుకోవడానికి నాకు మనిషి ఉన్నారు."

ఇందాక నా గదిలో అంతసేపు మాట్లాడుకున్నాం. నేను మెట్లు దిగి ఆయన వెంట వచ్చాను. పన్నెండు అడుగుల దూరంలో తొమ్మిదేళ్లు ఉన్నాం. "అప్పుడప్పుడు" అంటారేమోనని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ, కానీ పడ్డాను.

మాస్టారు నా వంక చూశారు. మొహమాటపడుతున్నారని తెలుస్తూనే ఉంది. కానీ కాగితం మీద తప్పు రాయడం ఆయన చేత కాదు.

"అస్సలు లేరు, రాసుకోండి మేడం" అన్నారు, మర్యాదగానే.

టిక్కు పెట్టాను. పక్క గడిలో మూడు వేశాను.